దొడ్డిగుమ్మం

మిస్ వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను వెనక తలుపు కొట్టాను. 2007 మార్చి, అమెరికాలోని అలబామా రాష్ట్రానికి వచ్చి అప్పటికి ఆరు నెలలు. అక్కడ చాలామంది ఇళ్ళల్లో కారు ఆపే చోటు పక్కనే వంటింటి తలుపు ఉంటుంది, తెలిసినవాళ్ళంతా అందులోంచే వెళ్ళిపోతారు, నేనూ అలాగే అనుకుని స్టీలు డబ్బాలో పులిహోర పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తలుపు తీశారు, నవ్వారు, కానీ లోపలికి రమ్మనలేదు. "ముందు వైపుకి రా బేబీ. ఈ ఇంటికి ఎవరొచ్చినా ముందు గుమ్మంలోంచే వస్తారు" అని తలుపు వేసేశారు. ఇల్లు చుట్టి మెట్లెక్కేసరికి వరండాలో నాకోసం ఎదురుచూస్తూ ఉన్నారు.

ఆవిడ పేరు రాయను. అక్కడ పెద్దవాళ్ళని మిస్ అని ముందు పెట్టి పేరుతో పిలుస్తారు కాబట్టి ఇక్కడ మిస్ అనే రాస్తాను. ఆ మాట వెనక ఎంత కథ ఉందో నాకు తర్వాత ఆవిడే చెప్పారు. ఒకప్పుడు అక్కడ తెల్లపిల్లల్ని కూడా నల్లవాళ్ళు మర్యాదగా పిలవాలి, నల్లవాళ్ళని మాత్రం ముసలివాళ్ళయినా సరే ఉత్త పేరుతో పిలిచేవాళ్ళు. 1963లో గాడ్స్‌డెన్‌లో మేరీ హామిల్టన్ అనే ఉద్యమకారిణిని కోర్టులో లాయరు ఉత్తి "మేరీ" అని పిలిస్తే, మిస్ హామిల్టన్ అంటే గానీ జవాబు చెప్పనని కూర్చుంది. జడ్జి కోర్టు ధిక్కారం కింద జైలుశిక్ష వేశాడు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1964లో ఆవిడే గెలిచింది. మిస్ ఈ సంగతి చెప్పినప్పుడు నాకు మా ఇంట్లో పనిచేసిన ఆవిడ గుర్తొచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్లని, ఆవిడని పేరు పెట్టి "ఏమే" అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "అమ్మాయిగారూ, మీరు" అనేవారు.

నాది హెచ్-4 వీసా, అంటే ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది, అప్పట్లో దాని మీద ఉద్యోగం చెయ్యడానికి లేదు. మేం ఉన్నది మాంట్‌గోమరీకి ముప్పావుగంట దూరంలో ఓ చిన్న ఊరు. మధ్యలోంచి రైలు పట్టాలు, ఇటు ఎక్కువగా తెల్లవాళ్ళు, అటు నల్లవాళ్ళు. విడివిడిగా ఉండాలన్న చట్టం ఎప్పుడో పోయింది, ఇళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మావారు ఆఫీసుకెళ్ళాక పిచ్చెక్కినట్టుండేది, అందుకని ఊరి లైబ్రరీలో వాలంటీర్‌గా చేరి పుస్తకాలు సర్దేదాన్ని. మిస్ ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యారు, వారానికి రెండు రోజులు వచ్చి పిల్లలకి కథలు చదివేవారు. మా స్నేహం మొదలైంది మాత్రం వేరుశనక్కాయల దగ్గర. ఆ దక్షిణాది రాష్ట్రాల్లో రోడ్డు పక్కన పచ్చి వేరుశనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టి అమ్ముతారు, సంచీ తెచ్చి టేబుల్ మీద పెడితే నేను అలవాటైన చేత్తో పుటుక్కున ఒలిచి, లోపలి ఉప్పునీళ్ళు పీల్చి తిన్నాను. "ఇది నీకెవరు నేర్పారు?" అని ఆశ్చర్యపోయారావిడ. మాది గుంటూరు జిల్లా, మా ఇంట్లో కుండలకొద్దీ ఉడకబెట్టేవాళ్ళం అని చెప్పాను.

ఒకరోజు ఆవిడే ఓ పుస్తకం చేతిలో పెట్టారు. "అలబామాలో ఉంటున్నావు, దీన్ని చదవక తప్పదు. చదివి రా, మాట్లాడదాం" అన్నారు. హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. 1960లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి. 1930ల నాటి ఓ చిన్న ఊరు, స్కౌట్ అనే పిల్ల, వాళ్ళన్న జెమ్, సెలవులకి పక్కింటికొచ్చే డిల్. వాళ్ళ నాన్న లాయరు, చెయ్యని నేరం మీద పడ్డ ఓ నల్లవాడి తరఫున వాదిస్తాడు, పన్నెండుమంది తెల్లవాళ్ళ జ్యూరీ అతన్ని దోషి అంటుంది. ఊరి పేరు కల్పించిందే గానీ అది ఆవిడ పుట్టిపెరిగిన మన్రోవిల్ అని అలబామాలో అందరికీ తెలుసు. డిల్ కూడా నిజం పిల్లాడే, తర్వాత పెద్ద రచయిత అయిన ట్రూమన్ కపోటి, చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో ఉండేవాడు.

రెండు రాత్రుల్లో చదివేశాను. చదివి, ఆ తండ్రి గురించి మిస్‌కి ఒకటే చెప్పడం, అంత మంచి మనిషి, అంత ధైర్యం అని. ఆవిడ అన్నీ విన్నారు. "మరి కాల్పర్నియా?" అన్నారు.

కాల్పర్నియా ఆ ఇంటి వంటమనిషి, తల్లిలేని ఆ పిల్లల్ని పెంచిన నల్లావిడ. ఆ పుస్తకం నిండా రహస్యాలే. ఎవరికీ కనబడకుండా ఇంట్లో ఉండిపోయిన పొరుగింటాయన చెట్టు తొర్రలో పిల్లల కోసం వస్తువులు దాచడం ఓ రహస్యం, ఊరంతా తాగుబోతనుకునే ఒకాయన కాగితం సంచీలో ఉన్నది ఉత్త కోకాకోలా అవడం ఇంకోటి, ఆ నల్లవాడి మీద నేరం మోపిన అమ్మాయి కోర్టులో చెప్పనిది ఒకటి, చివర్లో షెరీఫ్ దాచిపెట్టేది ఒకటి. కాల్పర్నియా దగ్గరికి వచ్చేసరికి ఒక ఆదివారం మాత్రం తలుపు కొంచెం తెరుచుకుంటుంది. పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్తుంది, అక్కడ ఆవిడ మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది, ఈవిడకి మా ఇల్లు కాక ఇంకో బతుకుందా అని స్కౌట్‌కి అప్పుడు తడుతుంది. మీ ఇంటికి రావచ్చా అని అడుగుతుంది, ఆవిడ సంతోషంగా రమ్మంటుంది. ఇంటికొచ్చాక మేనత్త వీల్లేదు అంటుంది. అంతే. పుస్తకం అయిపోతుంది, స్కౌట్ కాల్పర్నియా ఇంటికి వెళ్ళదు.

"ఆ పిల్ల వెళ్ళలేదు, అందుకని చదివినవాళ్ళెవరూ వెళ్ళలేదు" అన్నారు మిస్. "వాళ్ళింట్లో ఏముందో ఎవరికి తెలుసు?"

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ 'వీల్లేదు' నేను విన్నదే.

మా ఊళ్ళో పల్లె అంటే దళితులుండే చోటు, కాలవ దాటి అవతల. మా ఇంట్లో పేడ తీసి, దొడ్డి ఊడ్చి, అంట్లు తోమే ఆవిడ అక్కణ్ణుంచి వచ్చేవారు, దొడ్డిగుమ్మంలోంచే వచ్చి దొడ్డిగుమ్మంలోంచే వెళ్ళేవారు. ఆవిడ కాఫీ తాగే సత్తు గ్లాసు పెరటి గోడ గూట్లో బోర్లించి ఉండేది. అడుగున సొట్ట, అంచు ఒకచోట చీరుకుపోయింది. నాన్నమ్మ కాఫీ పైనుంచి పోసేది, గ్లాసుకి గిన్నె తగలకుండా. తోమిన అంట్ల మీద కూడా నీళ్ళు చిలకరించి గానీ లోపలికి తెచ్చేది కాదు. ఆవిడ కూతురిదీ నాదీ ఒకే వయసు. వాళ్ళమ్మ పనిచేస్తుంటే మేమిద్దరం గడ్డివాము వెనక చేరి చందమామలు చదువుకునేవాళ్ళం, నాకంటే అదే గడగడా చదివేది. మీ ఇంటికి రానా అని అడిగాను ఒకసారి. రా, మా మేక ఈనింది చూద్దువుగాని అంది. నాన్నమ్మకి చెబితే, అటువైపు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతానంది.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం దానికి దాహమేస్తే నేను లోపలికెళ్ళి నా పేరు చెక్కించిన స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చిచ్చాను. ఇద్దరం ఒకే గ్లాసులో తాగాం. ఎవరో పిలిస్తే గ్లాసు గడ్డివాములో దోపి వెళ్ళిపోయి, మర్చిపోయాను. నాలుగు రోజుల తర్వాత అది బయటపడింది. ఎత్తుకుపోవడానికి దాచిపెట్టిందని నాన్నమ్మ వాళ్ళమ్మ మీద పడింది. ఆవిడ దొడ్లో నిలబడి, నేను కాదమ్మా, నా బిడ్డ మీద ఒట్టు అని ఏడుస్తున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నోరు తెరవలేదు. నేనే ఇచ్చానని చెబితే అంతకంటే పెద్ద గొడవ, దానికి నా గ్లాసులో తాగించానని తెలుస్తుంది. నా స్నేహితురాలు నావైపే చూస్తోంది, అదీ ఏమీ చెప్పలేదు. మర్నాటి నుంచి వాళ్ళు రాలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, 1991 ఆగస్టు 6న, మాకు దగ్గర్లోనే చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపేశారు. నాకు పదకొండేళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు, మేం వస్తే మానేసేవాళ్ళు. ఇక కాలవ అవతలికి వెళ్ళే మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా మిస్‌కి ఎప్పుడు చెప్పానంటే, 2007 జులై ఆఖర్లో. చుండూరు కేసు కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, పదహారేళ్ళకి తీర్పొచ్చింది, 21 మందికి యావజ్జీవం. లైబ్రరీలో కంప్యూటర్ ముందు ఆ వార్త చదువుతూ ఏడుస్తుంటే మిస్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. సాయంత్రం వాళ్ళ వరండాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని చీకటి పడేదాకా చెప్పాను, గ్లాసు సంగతి కూడా. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మావారికి కూడా. ఆవిడ నన్ను ఓదార్చలేదు, చిన్నపిల్లవి నీకేం తెలుసులే అనలేదు. "ఆ పిల్ల పేరేంటి?" అని అడిగారు. చెప్పాను. రెండుమూడుసార్లు పలికి, సరిగ్గా వచ్చిందా అని అడిగి, మళ్ళీ పలికారు. ఆ పేరు నేను పద్దెనిమిదేళ్ళుగా పైకి అనలేదు.

తర్వాత ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్పారు. ఆవిడ మాంట్‌గోమరీలో తెల్లవాళ్ళింట్లో వంట చేసేవారట. వెనక తలుపులోంచి వెళ్ళడం, వంటింట్లో నిలబడి తినడం, ఆవిడకి విడిగా ఓ కంచం, విడిగా ఓ గ్లాసు. "మీ గూడు గోడలో ఉండేది, వాళ్ళ గూడు సింక్ కింద ఉండేది" అన్నారు మిస్. 1955 డిసెంబర్‌లో రోజా పార్క్స్‌ని బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వలేదని అరెస్ట్ చేశాక నల్లవాళ్ళు ఊళ్ళో బస్సులు ఎక్కడం మానేశారు కదా, 381 రోజులు, అన్నాళ్ళూ వాళ్ళమ్మ పనికి నడిచే వెళ్ళారు. రాత్రి వేణ్ణీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే పదిహేనేళ్ళ మిస్ తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చునేవారు. అదే ఊళ్ళో జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఉండేది. కొంతమంది ఆడవాళ్ళని కూడగట్టి ఇళ్ళల్లో కేకులూ పైలూ చేసి అమ్మి, ఆ డబ్బు ఉద్యమంవాళ్ళ కార్లకీ పెట్రోలుకీ ఇచ్చేది. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఎక్కణ్ణుంచీ కాదు అనాలని ఆ గుంపుకి 'క్లబ్ ఫ్రమ్ నోవేర్' అని పేరు పెట్టింది. పేర్లు బయటపడితే ఉద్యోగాలు పోతాయి. కొన్నవాళ్ళల్లో తెల్లవాళ్ళూ ఉన్నారు, తమ డబ్బు ఎటు పోతోందో తెలియకుండానే. గిల్మోర్ మాత్రం కోర్టులో మార్టిన్ లూథర్ కింగ్ తరఫున సాక్ష్యం చెప్పి పని పోగొట్టుకుంది. "కాల్పర్నియా ఇంట్లో ఏముందో నాకు తెలుసు, నేను అక్కడే పెరిగాను" అన్నారు మిస్.

మరుసటేడు ఏప్రిల్‌లో ఇద్దరం మన్రోవిల్ వెళ్ళాం. ఏటా వసంతంలో ఆ నవలని అక్కడ నాటకంగా వేస్తారు, నటించేది ఊరివాళ్ళే. ఐ-65 మీద దక్షిణంగా వెళ్ళి, ఎవర్‌గ్రీన్ దగ్గర దిగి పడమరకి తిరగాలి, దారిపొడుగునా పైన్ చెట్లు. లీ వాళ్ళిల్లు లేదు, ఆ స్థలంలో మెల్స్ డెయిరీ డ్రీమ్ అని చిన్న ఐస్‌క్రీమ్ షాపుంది, పక్కన కపోటి ఉన్న ఇంటికి గుర్తుగా రాతిగోడ ముక్క మిగిలింది. ఐస్‌క్రీమ్ తింటూ ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నాటకం మొదటి సగం పాత కోర్టు ఆవరణలో పచ్చిక మీద. రెండో సగం లోపల, నిజం కోర్టు హాల్లోనే, చెక్క బెంచీలు, పైన బాల్కనీ. నల్లవాళ్ళు ఆ రోజుల్లో బాల్కనీలోనే కూర్చోవాలి. జ్యూరీకి ప్రేక్షకుల్లోంచి పన్నెండుమంది మగవాళ్ళని పిలిచారు. వాళ్ళు నవ్వుతూ వెళ్ళి కూర్చున్నారు, తీర్పు చెప్పే వేళకి ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

మిస్ తిరిగొచ్చేటప్పుడు కార్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాల్టర్ మెక్‌మిలియన్ గురించి చెప్పారు. ఆయనది ఆ మన్రోవిల్ ప్రాంతమే. 1986లో ఊళ్ళో ఒక తెల్లమ్మాయి హత్య జరిగితే ఆయన మీద మోపారు, ఆ సమయానికి ఆయన ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్ముతున్నారని ఎంతోమంది నల్లవాళ్ళు చెప్పినా వినలేదు. విచారణకి ముందే మరణశిక్ష ఖైదీల దగ్గర పెట్టారు. జ్యూరీ యావజ్జీవం చాలంటే జడ్జి దాన్ని మరణశిక్షగా మార్చాడు. బ్రయాన్ స్టీవెన్సన్ అనే లాయరు పోరాడితే, దాదాపు ఆరేళ్ళు లోపలున్నాక, 1993లో, సాక్ష్యం అబద్ధమని తేలి విడుదలయ్యారు. "ఆయన లోపలున్న ఆ ఏళ్ళల్లోనే ఈ ఊళ్ళో ఈ నాటకం మొదలుపెట్టారు" అన్నారు మిస్. ఆ పుస్తకం ఆవిడకి ఇష్టమే, నాకు ఇచ్చింది ఆవిడే. ఇష్టమైనదాని గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడొచ్చని నాకు తెలిసింది ఆవిడ దగ్గరే.

2010లో మేం డల్లాస్ వచ్చేశాం. ఆదివారాలు ఫోన్ చేసుకునేవాళ్ళం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు చుండూరు కేసులో శిక్షలన్నీ కొట్టేసింది. ఆ రోజు నేను ఫోన్ చేసి విషయం చెప్పాను, అటునుంచి చాలాసేపు ఏ మాటా లేదు, ఊపిరి మాత్రం వినబడింది.

2015 జులైలో హార్పర్ లీ రెండో పుస్తకం వచ్చింది, 'గో సెట్ ఎ వాచ్‌మన్'. రెండోది అంటున్నాం గానీ రాసింది మాకింగ్‌బర్డ్ కంటే ముందే, 1957లో. అందులో స్కౌట్ పెద్దదైంది, ఆ మంచి తండ్రి నల్లవాళ్ళ హక్కులకి వ్యతిరేకంగా పెట్టిన మీటింగులో కూర్చుని ఉంటాడు. లోకమంతా దాని గురించే గొడవ. నేను వేరే పేజీ దగ్గర ఆగిపోయాను. అందులో ఆ అమ్మాయి కాల్పర్నియా ఇంటికి వెళ్తుంది! వెళ్తే, పెంచిన ఆ మనిషి పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతుంది, కళ్ళల్లో ఏమీ కనబడనివ్వదు. రాత్రి పదకొండింటికి మిస్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అప్పటికే చదివేశారు. "వెళ్ళింది కదా, చూశావా" అన్నారు. కాసేపాగి, "నువ్వెప్పుడు వెళ్తున్నావు?" అన్నారు.

ఆ డిసెంబర్‌లో వెళ్ళాను. ఇప్పుడు కాలవ మీద సిమెంటు వంతెన ఉంది, మా ఇంటి నుంచి నడిస్తే ఏడు నిమిషాలు. అంత దగ్గర. మా ఇంట్లో పనిచేసిన ఆవిడే ఉన్నారు, జుట్టంతా నెరిసిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేశారు, తను కింద కూర్చోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "మీరు కూడా పైన కూర్చోండి" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆవిడని మీరు అన్నాను. ఆవిడకి ఆ మాటతో కంగారొచ్చింది, అటూ ఇటూ చూశారు. కూతురు ఒంగోలులో టీచరట, ఇద్దరు పిల్లలట. మంచినీళ్ళు ఇవ్వమని అడిగాను. ఆవిడ మనవడిని పిలిచి షాపు నుంచి కూల్‌డ్రింక్ తెప్పించారు. నీళ్ళు చాలండీ అన్నా వినలేదు, మా నీళ్ళు మీకు పడవమ్మా అన్నారు. తాగాను.

అప్పుడు చెప్పాను, ఆ గ్లాసు గడ్డివాములో పెట్టింది నేనే అని.

"ఏ గ్లాసమ్మా?" అన్నారావిడ. నిజంగా మర్చిపోయారో, ఆ మాట నాతో ఎత్తడం ఇష్టం లేదో నాకు తెలియలేదు. నా మొహంలోకి చూసి, అమెరికాలో చలెక్కువంటగా అని అడిగారు. కూతురి ఫోన్ నంబర్ అడిగితే, అడిగి చెబుతానన్నారు. నంబర్ ఇంకా రాలేదు.

ఆ రాత్రే మిస్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ అంతా విని, "ముందు గుమ్మంలోంచే వెళ్ళావు కదా?" అన్నారు.

వాళ్ళింటికి ఉన్నది ఒకటే గుమ్మం మిస్, అన్నాను.